మరకలమ్మ ముక్కు

ఎర్ర వైను మరక పోవాలంటే దానిమీద తెల్ల వైను పోయాలని మొదట చెప్పినవాడెవడో కచ్చితంగా తెల్ల వైను అమ్ముకునేవాడై ఉంటాడని మరకలమ్మ నమ్మకం. ఇరవై ఎనిమిదేళ్లు లాండ్రీలో మరకల బల్ల ముందు నిలబడ్డ మనిషి నమ్మకం కనక దాన్ని కొట్టిపారేయడానికి లేదు. ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండేది. అది హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వాడకంలో లేదు. మిగతా లోకానికంతా ఆవిడ మరకలమ్మే.

ఆ లాండ్రీ సగం నేల కింద ఉండేది. కిటికీలోంచి చూస్తే రోడ్డు మీద నడిచేవాళ్ల మొహాలు కనపడవు, కాళ్లే కనపడతాయి. ఎదురుగా పెద్ద హోటలు వెనక తలుపు. రోజూ పొద్దున్న ఏడింటికి ఆ తలుపులోంచి బండెడు టేబుల్ గుడ్డలు, నాప్కిన్లు దిగేవి. మరకలమ్మ ఒక్కో గుడ్డనీ బల్లమీద పరిచి, అద్దాలు ముక్కు చివరికి జార్చి, ముందురోజు కథంతా చదివేసేది.

"పన్నెండో టేబుల్ వాళ్లు పోట్లాడుకున్నారు," అనేది ఇస్త్రీ ఆవిడతో. "గ్లాసు కిందపెట్టలేదు, విసిరికొట్టారు. చూడు చినుకులు."

"మరి ఇదీ?"

"ఇది మొదటిసారి కలుసుకున్న జంట. ఒకడి వైపంతా మరకలు. చెయ్యి వణికింది పాపం. అవతల ఆ అమ్మాయి వైపు గుడ్డ అద్దంలా ఉంది. ఈ సంబంధం కుదరదు."

ఎర్ర వైనంటే ఆవిడకి ఒళ్లుమంట. కూర మరక మంచిది, సబ్బుకి లొంగుతుంది. నెత్తురు కూడా చన్నీళ్లకి దారికొస్తుంది. చిక్కటి ఎర్ర వైనుంది చూశారూ, అది ఇల్లరికపుటల్లుడి టైపు. ఒకసారి దిగబడిందంటే కదలదు. అయినా దాని గుణమంతా ఆవిడకి కొట్టినపిండే. కొత్త వైను మరక వంకాయ రంగులో ఉంటుంది, పాతది ఇటుక రంగుకి తిరుగుతుంది, బాగా ముదిరినదైతే చుట్టూ మడ్డి గీత కూడా గీస్తుంది. ఇంత తెలిసిన మనిషి ఆ వైను చుక్క నాలిక మీద వేసుకున్న పాపాన పోలేదు. భర్త బస్సు డ్రైవరు. ఉద్యోగం రీత్యా సారా వాసన కూడా పడదాయనకి. దగ్గు మందు తాగినా ముందు సీసా మీద చీటీ రెండుసార్లు చదివేవాడు.

ఒక మంగళవారం హోటల్నించి గుడ్డల బండితోపాటు ఒక కాగితం కూడా వచ్చింది. చక్కటి దస్తూరీ, అడుగున చుట్టలు తిరిగిన సంతకం. "గత పదిహేను రోజుల్లో ముగ్గురు అతిథులు తమ బల్ల దగ్గర ముక్కిన వాసన వస్తోందని ఫిర్యాదు చేశారు. విచారించగా లోపం నాప్కిన్లలో ఉన్నట్టు తేలింది. సరిగా ఆరబెట్టకుండా మడతపెట్టడమే కారణమని భావిస్తున్నాం."

మరకలమ్మ ఆ కాగితం మూడుసార్లు చదివింది. ఆవిడ జీవితంలో ఆవిణ్ణి మనుషులు చాలా మాటలన్నారు. మొండిదన్నారు, నోరు పెద్దదన్నారు, మొగుణ్ణి కొంగున కట్టుకుందన్నారు. ఏదీ ఆవిడ పట్టించుకోలేదు. కానీ తడిగుడ్డ మడతపెట్టిందన్నమాట ఇరవై ఎనిమిదేళ్లలో ఎవరూ అనలేదు.

"విచారించగా తేలిందట," అంది ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి చెప్పులు విసిరేస్తూ. "ఎవరు విచారించారు? నన్నడిగారా? గుడ్డనడిగారా?"

భర్త డ్యూటీకి బయల్దేరుతూ టోపీ సర్దుకున్నాడు. "పోనీలేద్దూ. ఒక ముక్క క్షమాపణ రాసి పడెయ్."

మూలన కుర్చీలో ముడుచుకు కూచున్న అత్తగారు కళ్లు తెరిచింది. ఎనభై మూడేళ్లావిడ. పళ్లన్నీ ఊడాయి, నాలిక మాత్రం పదునెక్కింది. "వాడి మాట వినకు కోడలా. వాడు పుట్టినప్పట్నించీ క్షమాపణలే చెబుతున్నాడు. ముందు ఆ గుడ్డలు వాసన చూడు."

అత్తగారు చెప్పిందే సబబుగా తోచింది. మర్నాడు పొద్దున్న హోటల్నించి వచ్చిన మూటంతా విప్పి, నలభై నాప్కిన్లు ఒక్కొక్కటే ముక్కుకి ఆనించింది. ముప్ఫై ఆరు నాప్కిన్లలో నూనె, సబ్బు, పెదాల రంగు, ఎవరిదో సెంటు. నాలుగింట్లో మాత్రం ముక్కిపోయిన వాసన. వానకి తడిసిన అట్టపెట్టెని మంచం కింద పెట్టి మరిచిపోతే వస్తుందే, ఆ వాసన. నాలుగింటినీ పక్కపక్కన పరిచి చూసింది. నాలుగింటి మీదా ఎర్ర వైను మరకలున్నాయి. వాసన గుడ్డంతా లేదు, మరక ఉన్నచోటే ఉంది. అంచులు వాసన చూస్తే శుభ్రంగా ఇస్త్రీ వాసన.

"ఆడలేక మద్దెల ఓడంటే ఇదే," అంది మరకలమ్మ. నాలుగు నాప్కిన్లూ సంచిలో వేసుకుని, ఏప్రన్ కూడా విప్పకుండా రోడ్డు దాటింది.

ఆ సంతకం పెట్టినాయన హోటలు వైన్ల పెద్ద. అందరూ సీసాల మాస్టారనేవాళ్లు. సన్నగా, పొడుగ్గా, తలుపుకి ఆనించిన నిచ్చెనలా ఉంటాడు. నల్లకోటు, జేబుకి వేలాడే వెండి చిప్ప. వైను రుచిచూసే చిప్ప అది. ఆయన గ్లాసు తిప్పి, కళ్లు మూసుకుని, "నల్లద్రాక్ష... పొగాకు... ఎక్కడో దూరంగా పాత తోలు," అంటే అతిథులు చెంచాలు కింద పెట్టేసేవాళ్లు. ముప్ఫై ఏళ్లుగా ఆ హోటల్లో ఆయన మాటే వేదం.

మరకలమ్మ నాలుగు నాప్కిన్లూ ఆయన బల్ల మీద పరిచింది. "వాసన చూడండి మాస్టారూ."

ఆయన ఒకటి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "అవును. తడి వాసన."

"ఎక్కడ? మరక దగ్గరా, అంచు దగ్గరా?"

"అంతటా."

"అంచు దగ్గర మళ్లీ చూడండి."

ఆయన మళ్లీ చూశాడు. మొహంలో ఏ మార్పూ లేదు. "అంతటా ఉందమ్మా. నా అనుభవం ముప్ఫై ఏళ్లు."

"నాది ఇరవై ఎనిమిది. రెండేళ్లే తేడా. వాసన మీ వైన్లోంచి వస్తోంది."

మాస్టారి మెడ ఇంకో అంగుళం సాగింది. "నా మాళిగలో వైను ముక్కదు. పన్నెండు మెట్లు దిగి మీ కళ్లతో మీరే చూద్దురుగాని, రండి."

దిగారు. రాతిగోడలు, తక్కువ వెలుతురు, ఆ చివరనించి ఈ చివరదాకా అరల్లో పడుకుని ఉన్న వేల సీసాలు. మాస్టారు గుమ్మంలో ఆగి, ఛాతీ నిండా గాలి పీల్చాడు. "చూశారా? రాయి, చల్లదనం, ఓక్ చెక్క. మాళిగంటే ఈ వాసన ఉండాలి."

మరకలమ్మ కళ్లలోంచి నీళ్లు ధారకట్టాయి. భక్తితో కాదు. నేలంతా ఎవరో అప్పుడే బ్లీచింగ్ పోసి తుడిచారు. లాండ్రీలో దానితో రోజూ సహవాసమే ఆవిడకి, అయినా ఇంత ఘాటు ఎప్పుడూ చూడలేదు. ఆ గుమ్మంలో మామూలు మనిషి రెండు నిమిషాలు నిలబడలేడు. ఈయన గాలి పీల్చి ఓక్ చెక్కంటున్నాడు.

ఆవిడ కొంగుతో ముక్కు మూసుకుని ఆయన మొహంలోకి చూసింది. "మాస్టారూ, ఇక్కడ నేల దేంతో తుడిచారు?"

"నీళ్లతో."

"మీకు వాసన తెలియదు కదూ."

సీసాల మాస్టారు వేలాడుతున్న వెండి చిప్పని జేబులోకి తోసేశాడు. తరవాత అక్కడే ఉన్న ఖాళీ చెక్కపెట్టె మీద కూచున్నాడు. కూచున్నాక ఆయన అంత పొడుగ్గా కనపడలేదు.

"ఎన్నాళ్లైంది?" అంది మరకలమ్మ.

"రెండేళ్లు. జ్వరం వచ్చింది. జ్వరం పోయింది, పోతూపోతూ వాసన పట్టుకుపోయింది. తీపి తెలుస్తుంది, పులుపు తెలుస్తుంది, చేదూ వగరూ తెలుస్తాయి. మిగతాదంతా తడికాగితం నమిలినట్టే."

"మరి రోజూ ఆ పొగాకూ, తోలూ..."

"చీటీ చూసి చెబుతాను. ఏ వైను ఎలా ఉండేదో గుర్తే కదా. గుర్తున్నదే అప్పజెబుతున్నాను."

"ఎవరూ పట్టుకోలేదా?"

"నేను తోలు అనగానే వాళ్లకీ తోలు వాసన వచ్చేస్తుందమ్మా. రెండేళ్లలో ఒక్కడు కాదనలేదు."

మరకలమ్మకి నవ్వొచ్చింది, జాలీ వేసింది. రెండూ ఒకేసారి రావడంతో ఒక తుమ్ము బయటికొచ్చింది. అయితే ఆవిడ జాలి కూడా ముక్కుసూటిగా ఉంటుంది. "మీ సంగతి నేనెవరికీ చెప్పను. కానీ నా నాప్కిన్లు శుభ్రంగా ఉన్నాయని కాగితం రాసివ్వండి. అదే దస్తూరీతో, అదే సంతకంతో."

ఆయన అక్కడికక్కడే రాసిచ్చాడు. ఆవిడ దాన్ని అద్దం కట్టించినంత పని చేసి మరకల బల్ల పైన గోడకి అంటించింది. అంతటితో గొడవ తీరిందనుకుంది.

మూడు రోజుల తరవాత లాండ్రీ కిటికీలో రెండు నల్లబూట్లు వచ్చి ఆగాయి. కాసేపు అటూ ఇటూ కదిలి, చివరికి మెట్లు దిగాయి. సీసాల మాస్టారు. కోటు లోపల ఏదో ఉబ్బెత్తుగా ఉంది. బయటికి తీస్తే చిన్న మందుసీసాలో ఎర్ర వైను.

"ఇది బాగుందో ముక్కిందో చెప్పగలరా? ఇవాళ భోజనానికి ఇవ్వాలి."

మరకలమ్మ మూత తీసి చూసింది. "బాగానే ఉంది. ఇంకు వాసన, దానికింద గీసిన పెన్సిలు."

మాస్టారి కళ్లు పెద్దవయ్యాయి. "పెన్సిలంటే చెక్కా, ముల్లా?"

"రెండూ. మా ఇస్కూల్లో చెత్తబుట్ట."

"దేవదారు," అన్నాడాయన గొంతు తగ్గించి. "దాన్ని మేం దేవదారంటాం."

"మీరు ఏమన్నా అనండి. అది చెత్తబుట్టే."

అలా మొదలైంది. లాండ్రీలో సబ్బు వాసన అడ్డొస్తుందని, రోజూ పదిన్నరకి, టీ తాగే వేళ, ఆవిడే మాళిగకి వెళ్లేది. బ్లీచింగ్ మాన్పించి ఉత్త నీళ్లతో నాలుగుసార్లు కడిగించింది, వెనక అటక మీద నానుతున్న పాత అట్టపెట్టెలన్నీ బయట పారేయించింది. మాస్టారు ఆ రోజు తెరవబోయే సీసాలు వరసగా పెడితే, ఆవిడ వాసన చూసి, నోట్లో పోసుకుని, పుక్కిలించి, బకెట్లో ఉమ్మేది.

మొదటిసారి చిక్కటి కుర్ర ఎర్ర వైను నోట్లో పోసుకున్నప్పుడు ఆవిడ మొహం చూసి మాస్టారు కంగారుపడ్డాడు. నాలిక మీద ఎవరో గోనెపట్టా పరిచి, పైన ఇటుకలు పేర్చినట్టైంది. చిగుళ్లు పళ్లని వదిలేసి వెనక్కి పరిగెత్తాయి.

"దీన్ని మనుషులు కోరి తాగుతారా?"

"అది వగరమ్మా. ద్రాక్ష తోలులోంచీ, గింజలోంచీ వస్తుంది. ఆ వగరే దానికి ఆయుష్షు. చల్లగా, చీకట్లో, కుదుపు లేకుండా పదేళ్లు పడుకోబెడితే మెత్తబడుతుంది."

"పడుకోబెట్టడం దేనికి? నిలబెట్టకూడదూ?"

"నిలబెడితే బిరడా ఎండిపోతుంది. ఎండితే కుదించుకుపోయి గాలి దూరుతుంది. గాలి దూరితే వైను పోతుంది."

మరకలమ్మ ఆలోచించింది. "పదేళ్లు చీకట్లో పడుకోబెడితే ఎంత మొండిదైనా మెత్తబడుతుందంటారు. మా ఆయన పెద్దన్నగారు ఒకాయనున్నారు. ఓ అర ఖాళీ ఉంటే చెప్పండి."

ఇంట్లో మాత్రం ఈ కొత్త కొలువు చిక్కు తెచ్చిపెట్టింది. ఒకరోజు మధ్యాహ్నం భర్త గుమ్మంలోనే ఆపి గాలి వాసన చూశాడు. "తాగొచ్చావా?"

"లేదు. ఉమ్మేసి వచ్చాను."

"ఉమ్మేసేదానివి నోట్లో పోసుకోవడం దేనికి?"

"ఉమ్మడానికి."

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల?"

అత్తగారు కుర్చీలోంచే తగులుకుంది. "తొక్కితేనేగా రా అడుసెంత లోతుందో తెలిసేది. నువ్వు రోజూ వెళ్లిన రోడ్డు మీదే వెళ్లి మళ్లీ వెనక్కొస్తావు. నిన్నెవరైనా దేనికని అడిగారా?"

ఆయన టోపీ పెట్టుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు. రెండు రోజులు పోయాక మాత్రం, "ఇంతకీ ఇవాళ దేని వాసన వచ్చింది?" అని తనే అడిగాడు. వేడెక్కిన బస్సు టైరు అని చెబితే, ఆ వైను మీద ఆయనకి కొంచెం గౌరవం కలిగింది.

ఇలా అయిదు నెలలు గడిచాయి. హోటలుకి యాభై ఏళ్లు నిండుతున్నాయని యజమానురాలు పెద్ద విందు తలపెట్టింది. ఆవిణ్ణి పెద్దమేడం అనేవాళ్లు. నవ్వదు, అరవదు, మనిషిని చూసిందంటే ఆ మనిషి గుండీలు సరిచూసుకుంటాడు. విందులో పోయడానికి ఆవిడ ఎంచుకున్నది పద్నాలుగేళ్ల కిందట తండ్రి కొని దాచిన చిక్కటి ఎర్ర వైను. ముప్ఫై ఒక్క సీసాలు మాళిగ చివరి అరలో, దుమ్ము కప్పుకుని పడున్నాయి.

విందుకి రెండు వారాల ముందు మాస్టారూ, మరకలమ్మా ఒక సీసా తెరిచారు. బిరడా తీసి, మడ్డి కదలకుండా గాజుకూజాలోకి వంపి, అరగంట ఆగారు. రంగు ఆవిడ వెంటనే గుర్తుపట్టింది. అంచున ఇటుక రంగు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకుంది.

"ఏమైంది? ముక్కిందా?" అన్నాడు మాస్టారు.

"ఉండండి. నన్ను తొందరపెట్టకండి."

నోట్లో పోసుకుంది. గోనెపట్టా లేదు, ఇటుకల్లేవు. అదే వగరు ఇప్పుడు బాగా వాడిన ముఖమల్ గుడ్డలా ఉంది. ఉమ్మడానికి బకెట్టు వైపు వంగి, ఆగి, మింగేసింది. ఇన్నాళ్లలో మింగడం అదే మొదలు.

"మా నాన్న కోటు," అంది చివరికి. "చలికాలం బయటినించి వచ్చి నన్నెత్తుకునేవాడు. ఉన్ని కోటు, దాని జేబులో పొగాకు పొట్లం, పొద్దున్న తిన్న పండేదో చేతికింకా అంటుకుని. వీటి వెనక ఎక్కడో వానొచ్చి వెలిసిన రోడ్డు."

మాస్టారు కళ్లు మూసుకున్నాడు. "ఇంకా చెప్పండి."

"ఇంకేముంది. ఆయన గడ్డం గరుకు."

"గరుకు ఉండాలి. ఉండి తీరాలి," అన్నాడాయన. సీసా మీది దుమ్ము వేలితో తుడుస్తూ, "ఈ సీసాలు లోపలికి తెచ్చి పడుకోబెట్టింది నేనే. ఏడాదికోసారి తిప్పి చూసుకున్నాను. తీరా పండేసరికి నాకు ముక్కు లేకుండా పోయింది," అన్నాడు. మరకలమ్మకి ఓదార్చడం రాదు. గ్లాసు ఆయన చేతిలో పెట్టి, "వగరు తెలుస్తుందన్నారుగా, ఆ ముక్కయినా తాగండి," అంది. ఇద్దరూ కలిసి మొత్తం సీసా ఖాళీ చేశారు. ఆ పూట లాండ్రీలో మూడు చొక్కాలకి గంజి రెండుసార్లు పడింది.

విందు మధ్యాహ్నం. యాభై మంది అతిథులు. టేబుల్ గుడ్డ మీద చుక్క పడిన మరుక్షణం అద్దడానికి మరకలమ్మని కూడా హాలు పక్కన నిలబెట్టాలని మాస్టారు మేడంని ఒప్పించాడు. చేతిలో చన్నీళ్ల గిన్నె, భుజాన మెత్తగుడ్డ. అసలు పని మాత్రం వంటింటి వెనక, ఒక్కో సీసా బయటికి వెళ్లేముందు వాసన చూసి తలూపడం. ఇరవై ఎనిమిది సీసాలు చూసింది. అన్నీ బంగారం.

ఇరవై తొమ్మిదోది మాత్రం ఆవిడ చెయ్యిదాటి పోయింది. మేడం ఆ ఒక్క సీసాని ప్రధాన బల్ల దగ్గర తన చేతులతో తెరుస్తానంది. ఆ బల్ల దగ్గరున్నది పత్రికలో రుచుల గురించి రాసే పెద్దమనిషి. ఆయన రాతతో హోటళ్లు లేచేవి, పడేవి. పొట్ట మీద గడియారం గొలుసు, పక్కన భార్య. మేడం బిరడా తీసి ఆయన గ్లాసులో పోసింది. ఆయన గ్లాసు తిప్పాడు. ముక్కు మొత్తం లోపల పెట్టాడు. చుట్టూ చెంచాలు ఆగిపోయాయి.

"ఆహా," అన్నాడు. "పాత గ్రంథాలయం. శరదృతువులో అడవి నేల. పుట్టగొడుగులు. మూతపడ్డ మఠంలో రాతిమెట్లు. ఇదీ పద్నాలుగేళ్ల తపస్సంటే."

అందరూ గ్లాసుల్లో ముక్కులు పెట్టి తలలూపారు. గుమ్మంలో నిలబడ్డ మరకలమ్మకి గాలివాటున ఒక వాసన వచ్చి తగిలింది. మంచం కింద అట్టపెట్టె.

మాస్టారు బల్ల పక్కనించి ఆవిడ వైపు చూశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఆయన తన వెండి చిప్పలో చుక్క పోసుకుని, తాగి, "అద్భుతం" అనేస్తే సరిపోయేది. రెండేళ్లుగా చేస్తున్నదే. అక్కడున్న యాభై మందీ మఠం మెట్ల వాసన చూస్తూ భోజనం ముగించి వెళ్లిపోయేవాళ్లు.

"క్షమించాలి," అన్నాడు మాస్టారు. "ఈ సీసా చెడిపోయింది. మార్చాలి."

పెద్దమనిషి గ్లాసు దించాడు. "మీరింకా రుచి చూడనేలేదు."

"చూసినా లాభం లేదండీ. రెండేళ్లుగా నాకు వాసన తెలియదు. చెప్పింది ఆవిడ."

యాభై తలలు గుమ్మం వైపు తిరిగాయి. గుమ్మంలో ఏప్రన్ కట్టుకుని, చన్నీళ్ల గిన్నె పట్టుకుని మరకలమ్మ.

"ఎవరీవిడ?" అన్నాడు పెద్దమనిషి.

"మీ మూతి తుడుచుకునే గుడ్డలు ఉతికేదాన్ని," అంది మరకలమ్మ. ఒకసారి నోరు తెరిచాక మూయడం ఆవిడకి ఎప్పుడూ రాలేదు. "అది మఠం కాదండీ, బిరడాకి పట్టిన రోగం. అప్పుడప్పుడూ ఒక సీసాకి వస్తుంది. ఎవరి తప్పూ కాదు. పక్క బల్ల మీది వైను తెచ్చి రెండూ పక్కపక్కన పెట్టి వాసన చూడండి, తెలుస్తుంది."

మేడం పక్క బల్ల మీంచి గ్లాసు తెప్పించి రెండూ పెద్దమనిషి ముందు పెట్టింది. ఆయన ఒకటి చూశాడు, రెండోది చూశాడు, మళ్లీ మొదటిది చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ఒక విధంగా చూస్తే..." అని మొదలుపెట్టాడు.

భార్య ఆయన చేతిలోంచి గ్లాసు లాక్కుని వాసన చూసింది. "మన స్నానాలగదిలో పట్టా," అంది. "పోయిన వానాకాలం నువ్వు ఎండలో వెయ్యనని భీష్మించావే, అదే."

హాలంతా నవ్వు పుట్టింది. ఎవరూ అడక్కుండానే అందరికీ అది పట్టా వాసనే అయింది. మేడం ముప్ఫయ్యో సీసా, అదే ఆఖరిది, తెప్పించి, గ్లాసు మొదట మరకలమ్మకి అందించింది. ఆవిడ వాసన చూసి తలూపాకే ఆ సీసా బల్లకి వెళ్లింది.

వారం తరవాత పత్రికలో వ్యాసం వచ్చింది. ఆ రోజు చెడిన సీసాని రచయిత తొలి శ్వాసలోనే పసిగట్టి, మర్యాద కోసం మొదట మెచ్చుకున్నట్టు నటించారని అందులో ఉంది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగిందంటే ఇదేనంది అత్తగారు.

విందయ్యాక రెండు రోజులు మేడం మాళిగ వైపే రాలేదు. మూడోరోజు మాళిగలోకి దిగింది. మరకలమ్మ అక్కడే ఉంది.

"రెండేళ్లు నా అతిథుల్ని మోసం చేశారు," అంది మేడం.

"చేశాను మేడం," అన్నాడు మాస్టారు. "నాకు వాసన తెలిసినట్టు నేను నటించాను. తెలిసినట్టు వాళ్లూ నటించారు. కానీ జీతం తీసుకున్నది నేనే కనక తప్పు నాదే. మాళిగ తాళాలివిగో."

మేడం తాళాల గుత్తి తీసుకోలేదు. అరల వెంట నడిచింది. ఒక్కో సీసా మెడకి ఆయన దస్తూరీతో కట్టిన చీటీలు, ఎప్పుడొచ్చింది, ఎప్పుడు తిప్పారు, ఎప్పటికి పండుతుంది. ఇటు చివరినించి అటు చివరికి వెళ్లి తిరిగొచ్చింది. "చీటీలు రాయడానికి ముక్కు అక్కర్లేదు," అంది. "రుచి మాత్రం ఇకనించి ఈవిడ చెబుతుంది. మీరు పెద్ద మాటలు మానేయండి. ఈవిడేం చెబితే అదే అతిథులకి చెప్పండి."

"చెత్తబుట్టంటే చెత్తబుట్టనేనా?" అన్నాడు మాస్టారు భయంగా.

"చెత్తబుట్టనే."

మరకలమ్మ లాండ్రీ మానలేదు. వారానికి మూడు పూటలు మాళిగ, మిగతా వేళంతా మరకల బల్ల. హోటలు వైన్ల పట్టికలో "వేడి టైరు", "వాన వెలిసిన రోడ్డు", "ఇస్కూలు చెత్తబుట్ట" చేరాయి. చెత్తబుట్టకి అన్నిటికంటే గిరాకీ. మాస్టారి వాసన తిరిగి రాలేదు. కానీ ఆవిడ మాటలు రాసుకునే నోటుబుక్కులు మూడు నిండాయి. అతిథుల దగ్గర గొంతు తగ్గించి ఆ మాటలు ఎంత గంభీరంగా చెప్పేవాడంటే, వాళ్లు మళ్లీ చెంచాలు కింద పెట్టడం మొదలుపెట్టారు.

తరవాతి ఏడు మాళిగలో కొత్తగా దాచవలసిన ఎర్ర వైను ఎంచే పని మేడం మరకలమ్మకే అప్పజెప్పింది. పదహారు రకాలు పుక్కిలించి ఉమ్మి, ఆవిడ అన్నిటికంటే మొరటుదాన్ని ఎంచింది. నోట్లో పెట్టుకుంటే చెంపలు లోపలికి పోయేంత వగరు, రంగు చూస్తే మసి. పదేళ్లకి గాని దారికి రాదంది. నలభై సీసాలు పడుకోబెట్టి, నలభై ఒకటోది మేడం ఇస్తే ఇంటికి తెచ్చింది.

మధ్యాహ్నం వేళ. భర్త డ్యూటీలో ఉన్నాడు. అత్తగారు సీసా వైపు చూసింది. "ఏమిటది?"

"నేను ఎంచిన వైను అత్తయ్యా. మంచం కింద పడుకోబెడదామని. పదేళ్లాగి తాగాలి."

"పదేళ్లా? నాకా ఈ మాట చెబుతున్నావు?"

మరకలమ్మ సీసా వైపు చూసింది, అత్తగారి వైపు చూసింది. డ్రాయరులోంచి బిరడా తీసే మర తెచ్చింది. రెండు స్టీలు గ్లాసుల్లో చెరో రెండు గుక్కలు పోసింది. "ఘాటుగా ఉంటుంది. నెమ్మదిగా."

అత్తగారు నెమ్మది ఎరగదు. ఒక్క గుక్కలో గ్లాసు ఖాళీ చేసింది. మొహం మొత్తం మధ్యలోకి ముడుచుకుపోయి, కాసేపటికి మెల్లగా మళ్లీ విచ్చుకుంది. బోసి చిగుళ్లు వంకాయ రంగులో ఉన్నాయి.

"ఎలా ఉంది?" అంది మరకలమ్మ.

"నాకు పళ్లు లేకపోవడం మంచిదైంది," అంది అత్తగారు, గ్లాసు ముందుకి జరుపుతూ. "ఉంటే ఇవాళ రాలిపోయేవి. ఇంకాస్త పొయ్యి."

మరకలమ్మ పోసింది.